'దేవుడు చెప్పాడు' అన్న మాటను ఎలా పరీక్షించాలి: ఆత్మీయ వివేచనపై ఒక వివరణ

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటి అందరూ ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకున్నాక, దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగు సంఘాల్లో చాలాచోట్ల వాగ్దానపు కార్డులున్న స్టీలు పళ్లెం ఒకటి ముందుకు వస్తుంది. కార్డులు బోర్లా పెట్టి ఉంటాయి. కళ్లు మూసుకుని ప్రార్థించి ఒక్కొక్కరు ఒక్కో కార్డు తీసుకుంటారు. అందులో వచ్చిన వచనాన్ని ఆ ఏటికి దేవుడు తమకిచ్చిన మాటగా బైబిల్లో దాచుకునేవారు కొందరు, బీరువా తలుపుకు అంటించుకునేవారు కొందరు. తెల్లవారేసరికి ఫోన్లలో మరో వరస మొదలవుతుంది. ఈ ఏడాది విస్తరణ సంవత్సరమని ఒక సేవకుడు, ఇది శోధనల సంవత్సరమని మరొకరు, ఫలానా నెలలో దేశానికి పెద్ద ఆపద ఉందని ఇంకొకరు వీడియోలు పంపుతారు. ఆ సందేశాన్ని పదిమందికి పంపకపోతే ఆశీర్వాదం తప్పిపోతుందని చివర ఒక హెచ్చరిక కూడా ఉంటుంది.

ఇవన్నీ 'దేవుడు చెప్పాడు' అనే ముందుమాటతోనే వస్తాయి కానీ ఒకదానితో ఒకటి పొసగవు. 2011 జనగణన ప్రకారం పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులే. ఇక్కడ పాత కెనడియన్ బాప్టిస్టు మిషన్ సంఘాలు, రాయగడ, కొరాపుట్ వైపు లూథరన్ సంఘాలు, బరంపురం మేత్రాసనం కిందనున్న కథోలిక విచారణలు (స్థానిక సంఘాలు), గత కొన్ని దశాబ్దాల్లో వచ్చిన పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకే ఇంట్లో తల్లి ఒక సంఘానికి, కొడుకు మరో సంఘానికి వెళ్లడం వింతేమీ కాదు. అలాంటి ఇంట్లో ఎవరి మాట దేవుని మాట అన్న ప్రశ్న పెళ్లి సంబంధం దగ్గర, జ్వరం వచ్చినప్పుడు, పక్కింటివారు ప్రసాదం పంపినప్పుడు సూటిగా ఎదురవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతికే పనినే క్రైస్తవ సంప్రదాయం ఆత్మీయ వివేచన అంటుంది.

వివేచన కింద ఉన్న మూడు వేర్వేరు పనులు

చర్చ గందరగోళంగా మారడానికి ముఖ్య కారణం, ఒకే పేరు కింద మూడు పనులను కలిపి మాట్లాడుకోవడం. మొదటిది మేలు కీడులను వేరుచేసి చూడడం. హెబ్రీయులకు 5:14 దీన్ని అభ్యాసం చేత వచ్చే సామర్థ్యంగా చెబుతుంది, అంటే ఒక్క రాత్రి ప్రార్థనలో దిగివచ్చేది కాదు, ఏళ్ల తరబడి చిన్న చిన్న నిర్ణయాల్లో సాధన చేయగా వచ్చేది. రెండవది ఒక బోధ గానీ, ప్రవచనం గానీ, అద్భుతం గానీ దేవుని నుంచి వచ్చిందా కాదా అని పరీక్షించడం. 1 యోహాను 4:1లో ప్రతి ఆత్మనూ నమ్మవద్దని, పరీక్షించమని చెప్పింది దీని గురించే. 1 కొరింథీయులకు 12:10లో ఆత్మల వివేచనను ప్రత్యేక వరాల జాబితాలో చేర్చారు కాబట్టి ఇది కొందరికే ఇచ్చిన వరమని కొందరు వాదిస్తారు, కానీ యోహాను పత్రిక ఆ పనిని సంఘమంతటికీ అప్పగిస్తోంది. మూడవది, రెండూ మంచివే అయిన దారుల్లో ఏది ఎంచుకోవాలో తేల్చుకోవడం. మనం 'దేవుని చిత్తం కనిపెట్టడం', 'నడిపింపు' అనేవి చాలావరకు ఈ మూడవదానికే చెందుతాయి.

ఈ మూడింటికీ సాధనాలు వేరు. లంచం తీసుకోవచ్చా అన్నది మొదటి రకం ప్రశ్న. దానికి ఉపవాసముండి దర్శనం కోసం ఎదురుచూడనక్కరలేదు, జవాబు ముందే రాసి ఉంది. బరంపురంలో ఉద్యోగమా, విశాఖపట్నంలో ఉద్యోగమా అన్నదానికి ఏ వచనమూ నేరుగా జవాబు చెప్పదు. మొదటి రకం ప్రశ్నను మూడవ రకంగా మార్చి 'ప్రార్థన చేసి చూస్తాను' అనడం, మూడవ రకాన్ని మొదటి రకంగా మార్చి 'వైజాగ్ వెళ్లకపోతే పాపం' అనడం, ఈ రెండూ మన కూటాల్లో తరచుగా వినిపించేవే.

వివేచన అంటే భవిష్యత్తు తెలుసుకోవడం కూడా కాదు. సోదె అడగడం ద్వితీయోపదేశకాండము 18లో నిషేధించిన పనుల్లో ఒకటి. సోదె చెప్పే ఆమె దగ్గరికి వెళ్లడం మానేసి, అవే ప్రశ్నలను అదే ఆత్రుతతో సేవకుడి దగ్గర అడిగితే మనిషి మారాడు గానీ అలవాటు మారలేదు.

వాగ్దానపు కార్డు, యిర్మీయా ఉత్తరం

కార్డుల్లో తరచుగా వచ్చే వచనం యిర్మీయా 29:11. దేవుడు మన గురించి ఉద్దేశించినవి హానికరమైనవి కావని, సమాధానకరమైనవని చెప్పే ఆ మాట వ్యాపారం మొదలుపెట్టేవారికీ, పరీక్ష రాసేవారికీ ధైర్యం ఇస్తుంది. అప్పు చేసి దుకాణం విస్తరించాలా వద్దా అని ఊగిసలాడుతున్న ఒకాయనకు అదే కార్డు వచ్చిందనుకుందాం. ఆయన దాన్ని 'అప్పు తీసుకో' అన్న అనుమతిగా తీసుకుంటే ఏమవుతుంది?

ఆ వచనానికి ముందున్న వచనం, అంటే 29:10, ఆ వాగ్దానం డెబ్బది సంవత్సరాల తరువాత నెరవేరుతుందని చెబుతుంది. అది బబులోనుకు చెరపట్టబడిపోయిన ప్రజలకు యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం. ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోరి ప్రార్థన చేయండి, ఆ పట్టణం క్షేమమే మీ క్షేమం అని ఆ ఉత్తరం మొదలవుతుంది. (1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇల్లు కదలకుండానే మరో రాష్ట్రవాసులైన తెలుగు కుటుంబాలు ఈ జిల్లాలో ఉన్నాయి, వాళ్లది చెర కాదు కానీ, పరాయి భాష పట్టణం క్షేమం కోరమన్న ఆ మాట ఇక్కడ చదివితే కొంచెం వేరుగా వినిపిస్తుంది.) ఉత్తరం అందుకున్నవారిలో పెద్దవాళ్లు ఆ డెబ్బది ఏళ్ల చివర చూసి ఉండే అవకాశం తక్కువ. కాబట్టి ఆ వచనం త్వరలో లాభం వస్తుందన్న హామీ కాదు, ఆలస్యాన్ని ఓర్చుకోమన్న ధైర్యం.

దాని ముందు అధ్యాయం ఇంకా ఆసక్తికరం. హనన్యా అనే ప్రవక్త మందిరంలో యాజకుల ముందు, ప్రజల ముందు నిలబడి రెండు సంవత్సరాల్లో చెర ముగుస్తుందని, తీసుకుపోయిన మందిరపు ఉపకరణాలన్నీ తిరిగి వస్తాయని యెహోవా పేరుతోనే చెప్పాడు. యిర్మీయా చేసిన మొదటి పని 'ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక' అనడం. ఆ తరువాత, క్షేమం ప్రకటించే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతన్ని దేవుడు పంపాడని తెలుస్తుందని గుర్తుచేశాడు. అప్పుడు హనన్యా యిర్మీయా మెడ మీదున్న కాడిని తీసి అందరి ఎదుట విరిచినా, యిర్మీయా తన దారిన తాను వెళ్లిపోయాడు. దేవుని నుంచి జవాబు వచ్చాకనే తిరిగి వచ్చి హనన్యాతో అది అబద్ధమని చెప్పాడు. ప్రవక్త అయినవాడికే అక్కడికక్కడ జవాబు దొరకలేదు. మనసుకు నచ్చిన మాట నిజం కావాలని కోరుకోవడంలో తప్పు లేదని, కోరుకోవడమూ నిజమని నమ్మడమూ ఒకటి కావని ఆ సంఘటనలో కనిపిస్తుంది.

అయితే కార్డులు తీయడం మానేయాలా? ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి. సందర్భం నుంచి విడదీసిన వచనాన్ని లాటరీలా తీసుకోవడం వాక్యాన్ని మంత్రంగా మార్చడమేనని కొందరు పాస్టర్లు ఆ అలవాటును ఆపేశారు. చదువురాని పెద్దమ్మకు ఏడాదంతా నోట నిలిచే ఒక్క వచనం దొరకడం చిన్న మేలు కాదని మరికొందరు దాన్ని కొనసాగిస్తున్నారు. ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం మొదటి వారంలో చదవాలన్న నియమం పెట్టుకున్న సంఘాల్లో ఈ వాదన చాలావరకు చల్లబడుతుందని నా అంచనా.

ప్రవచనాన్ని పరీక్షించేది ఎవరు

ప్రవచన వరం ఇప్పటికీ ఉందా అన్న దానిపై సంఘాలు విడిపోయి ఉన్నాయి. లేఖనం పూర్తయ్యాక ఆ వరం ఆగిపోయిందని బ్రదరన్ సహవాసాల్లో చాలామంది, బాప్టిస్టుల్లో కొందరు నమ్ముతారు. వాళ్ల దృష్టిలో ఈనాటి ప్రవచనం ఏదైనా మనిషి మాటే. ఆ వరం నేటికీ ఉందని, దాన్ని ఆర్పకూడదని పెంతెకొస్తు సంఘాలు 1 థెస్సలొనీకయులకు 5:19-20ని చూపిస్తాయి. మొదటి పక్షం బలం, లేఖనానికి సాటిగా మరో అధికారం తలెత్తకుండా చూడడం. రెండవ పక్షం బలం, సామాన్య విశ్వాసి నోట కూడా దేవుడు మాట్లాడగలడన్న నమ్మకం. కానీ ఆ తరువాతి వచనం, సమస్తమునూ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమన్న 21వ వచనం, ఇద్దరికీ వర్తిస్తుంది. వరం ఉందన్నవారు పరీక్షించడం తప్పనిసరి. లేదన్నవారు కూడా ప్రసంగ వేదిక మీద చెప్పినదాన్ని పరీక్షించాల్సిందే. బెరయ ప్రజలు సాక్షాత్తు పౌలు చెప్పినదే లేఖనాల్లో ఉందో లేదోనని రోజూ వెతికి చూశారు, అపొస్తలుల కార్యములు 17:11 దానికి వాళ్లను మెచ్చుకుంది కూడా.

1 కొరింథీయులకు 14:29లో పౌలు పెట్టిన పద్ధతి స్పష్టంగా ఉంది: ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడవచ్చు, తక్కినవారు వివేచించాలి. అంటే ప్రవచనం చెప్పేది సభలో, తూచి చూసేదీ సభలోనే. ఇంటికి వచ్చి గది తలుపు వేసి ఒక్కరికే చెప్పి, 'ఎవరితోనూ అనకండి, ఆశీర్వాదం పోతుంది' అనే ప్రవచనం ఆ పద్ధతికి మొదటి మెట్టు దగ్గరే తప్పింది. చెప్పిన మాట జరిగిందా లేదా అన్నది ద్వితీయోపదేశకాండము 18:22 ఇచ్చిన పరీక్ష. కానీ అదే గ్రంథం 13వ అధ్యాయంలో మరో మెలిక ఉంది: చెప్పిన సూచక క్రియ జరిగినా సరే, అది వేరే దేవతల వైపు తిప్పితే వినవద్దు. జరగకపోతే తప్పని తేలిపోతుంది గానీ, జరిగినంత మాత్రాన సరైనదని తేలదు. ఫలానా ప్రవక్త నా ఫోన్ నంబరు, మా తాతగారి పేరు చెప్పేశాడని ఆశ్చర్యపోయేవారు ఈ రెండో సగాన్ని మరిచిపోతారు. (ముందు వరుసలో కూర్చున్నవారి వివరాలు ఫేస్‌బుక్‌లో ఎంత తేలిగ్గా దొరుకుతాయో మన పిల్లలకు బాగా తెలుసు.)

డబ్బు సంగతి వేరుగా చూడాలి, ఎందుకంటే ఇది కొత్త సమస్య కాదు. మొదటి శతాబ్దం చివర లేదా రెండవ శతాబ్దం మొదట్లో సంఘాలు వాడుకున్న డిడాఖే అనే చిన్న నియమావళి ఊరూరా తిరిగే సేవకులను ఎలా చూడాలో వివరిస్తుంది. వచ్చినవాణ్ణి ప్రభువును చేర్చుకున్నట్టు చేర్చుకోవాలి. అవసరమైతే రెండో రోజు కూడా ఉండవచ్చు. మూడు రోజులుంటే అతను అబద్ధ ప్రవక్త. ప్రయాణమయ్యేటప్పుడు రొట్టె తప్ప ఏమీ ఇవ్వకూడదు, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మావేశంలో 'నాకు డబ్బు ఇవ్వండి' అనేవాణ్ణి వినవద్దని, అక్కరలో ఉన్న ఇతరుల కోసం అడిగితే మాత్రం అతనికి తీర్పు తీర్చవద్దని కూడా అందులో ఉంది. చిత్రమేమిటంటే, ఆత్మలో మాట్లాడుతున్న ప్రవక్తను పరీక్షించడం పాపమని అదే అధ్యాయం హెచ్చరిస్తుంది, వెంటనే ఆత్మలో మాట్లాడే ప్రతివాడూ ప్రవక్త కాడని, ప్రభువు నడవడి ఉన్నవాడే ప్రవక్త అని చెబుతుంది. మాట్లాడే క్షణాన్ని అడ్డగించవద్దు, మనిషి బతుకును మాత్రం గమనించమని దాని భావం.

దీన్ని మన వీధిలోకి తెచ్చి చూద్దాం. ఉపవాస కూటానికి వచ్చిన అతిథి సేవకుడు ఒక చిన్న సీసాలో అభిషేక తైలం ఇస్తాడు. సీసా మీద ఆయన ఫోటో, దాని కింద డబ్బు పంపే క్యూఆర్ కోడ్. నూనె రాయడమే తప్పా అంటే కాదు, యాకోబు 5:14 సంఘపు పెద్దలు నూనె రాచి ప్రార్థించమంటుంది. అక్కడ నూనె పెద్దల చేతిలో ఉంది, రోగి వారిని పిలిపించాడు, వెల లేదు. 2 రాజులు 5లో కుష్ఠు బాగైన నయమాను ఇవ్వబోయిన కానుకను ప్రవక్త ఎలీషా తీసుకోలేదు, వెనకాలే పరుగెత్తి వెళ్లి తీసుకున్న ఆయన సేవకుడు గేహజీకి కుష్ఠు అంటింది. కాబట్టి ప్రశ్న నూనె గురించి కాదు, కోడ్ గురించి. సేవకుడికి కుటుంబముంది, ప్రయాణ ఖర్చులుంటాయి, పనివాడు జీతానికి పాత్రుడన్న వాక్యమూ ఉంది. సంఘం లెక్క రాసి ఇచ్చే కానుకకూ, స్వస్థతకు ముడిపెట్టి అడిగే సొమ్ముకూ మధ్య గీత గీయడమే ఇక్కడ వివేచన చేసే పని.

జ్వరం తగ్గిందన్న సాక్ష్యం

మన ప్రాంతంలో వివేచన ప్రాణాల మీదికి వచ్చేది ఇక్కడే కాబట్టి దీన్ని నెమ్మదిగా చూడాలి. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో మలేరియా చాలాకాలంగా ఉంది, అందులోనూ మెదడుకు ఎక్కి ప్రాణం తీయగల ఫాల్సిపారం రకం ఎక్కువ. మలేరియా జ్వరం సాధారణంగా వణుకుతో మొదలై, ఒళ్లు కాలిపోయి, చెమటలు పట్టి దిగిపోతుంది. చాలామందిలో రోజు విడిచి రోజు వస్తుంది. ఇప్పుడు ఒక మంగళవారం రాత్రి వణికిపోతున్న కుర్రాడి కోసం ఇంట్లో ప్రార్థన పెట్టారనుకుందాం. బుధవారం ఉదయం చెమట పట్టి జ్వరం దిగింది, కుర్రాడు లేచి గంజి తాగాడు, సాయంత్రం కూటంలో తల్లి సాక్ష్యం చెప్పింది. గురువారం మధ్యాహ్నం మళ్లీ వణుకు.

బుధవారం సాక్ష్యం చెప్పిన తల్లి అబద్ధం చెప్పలేదు. ఆమె చూసింది నిజమే, జ్వరం దిగింది. కానీ ఆ దిగడం రోగం లయలో ఒక భాగం. ఇలాంటి చోట పరీక్ష అంటే దేవుణ్ణి శంకించడం కాదు, రక్తపు చుక్క పరీక్ష చేయించడం. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన దమన్ అనే మలేరియా నివారణ కార్యక్రమంలో మారుమూల ఊళ్లలో జ్వరం లేనివారికి కూడా పరీక్ష చేయడానికి కారణం, పైకి ఏ బాధా లేకుండానే రక్తంలో మలేరియా సూక్ష్మజీవి ఉండగలదు కాబట్టి. వైవాక్స్ రకమైతే కాలేయంలో దాగి వారాలకో నెలలకో తిరగబెడుతుంది, అందుకే దానికి పద్నాలుగు రోజుల మాత్రలు ఇస్తారు. క్షయకు ఆరు నెలలు మందులు. నెల తిరిగేసరికి దగ్గు తగ్గి ఒంటికి బలం వస్తుంది, సరిగ్గా అప్పుడే 'స్వస్థత వచ్చింది, మందులు విశ్వాసానికి ఆటంకం' అన్న మాట చెవిన పడితే రోగం మందుకు లొంగని రకంగా మారే ప్రమాదముంది.

దీనిపై సంఘాల్లో ఉన్న అభిప్రాయాలను న్యాయంగా చూస్తే, మందులు పూర్తిగా మానేయమనేవారు కొద్దిమందే. దేవుడు నేరుగా బాగుచేయగలడని నమ్ముతూనే డాక్టరు దగ్గరికి వెళ్లమనేవారు ఎక్కువ. మందుల ద్వారానే దేవుడు పనిచేస్తాడనేవారూ ఉన్నారు. బిస్సంకటక్‌లో 1954 నుంచి నడుస్తున్న క్రైస్తవ ఆసుపత్రి, సెరంగోలోని మిషన్ ఆసుపత్రి ఆ నమ్మకంతో పుట్టినవే. ఈ ముగ్గురూ ఒప్పుకోవలసిన చోటు ఒకటి లూకా 17లో ఉంది. పదిమంది కుష్ఠురోగులతో యేసు చెప్పిన మొదటి మాట, వెళ్లి యాజకులకు కనబరచుకోమని. లేవీయకాండము ప్రకారం కుష్ఠు పోయిందో లేదో చూసి నిర్ధారించేది యాజకుడు. అనుమానముంటే ఏడు రోజులు ఆపి మళ్లీ చూసేవాడు. స్వస్థపరచినవాడే ఆ స్వస్థతను బయటివాళ్ల పరీక్షకు పంపాడు. కాబట్టి మందులు పూర్తిచేసి, రెండో పరీక్షలో ఏమీ లేదని వచ్చాక సాక్ష్యం చెబితే దేవుని మహిమ తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు.

పక్కింటి ప్రసాదం

పర్లాకిమిడిలో రథయాత్ర రోజుల్లోనో, వినాయక చవితికో పక్కింటి అత్త గిన్నెలో ప్రసాదం పట్టుకుని వస్తుంది. కొందరు విశ్వాసులు చేతులు కట్టుకుని వద్దంటారు. కొందరు తీసుకుని, ఆమె వెళ్లాక ఎవరికో ఇచ్చేస్తారు. కొందరు తింటారు. ఒక్కో పద్ధతికీ తన కారణముంది: సాక్ష్యం చెడకూడదన్నది మొదటిది, ప్రేమను నొప్పించకూడదన్నది రెండవది, తిండి తిండే, విగ్రహం ఏమీ కాదన్నది మూడవది.

కొరింథులో సరిగ్గా ఇదే తగాదా వచ్చింది, పౌలు ఇచ్చిన జవాబు ఒక్క మాటలో లేదు. కటికవాని అంగడిలో అమ్మేది విచారణ చేయకుండా తినవచ్చు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వడ్డించింది తినవచ్చు. కానీ ఎవరైనా 'ఇది బలి అర్పించినది' అని చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినకూడదు. ఇవన్నీ 1 కొరింథీయులకు 10లో ఉన్నాయి, అదే అధ్యాయంలో విగ్రహారాధనలో పాలుపంచుకోకూడదన్న గట్టి హెచ్చరిక కూడా ఉంది. అంటే తినే పదార్థం ఒకటే, కూర్చున్న చోటు, పక్కనున్న మనిషి మారితే జవాబు మారుతోంది.

ప్రసాదాన్ని ప్రసాదమని చెప్పే ఇస్తారు కాబట్టి పౌలు మూడో సందర్భమే దీనికి దగ్గరని చాలామంది పాస్టర్లు అంటారు, ఆ తర్కం బలమైనదే. కానీ వద్దనే తీరును కూడా వివేచించాలి. 'అత్తా, మేము తినం గానీ మీరు తలచుకుని తెచ్చినందుకు సంతోషం, కూర్చోండి, టీ తాగి వెళ్లండి' అనడానికీ, గుమ్మంలోనే ముఖం తిప్పుకోవడానికీ చాలా తేడా ఉంది. రోమీయులకు 14 తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదని, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదని చెబుతుంది. ఆ అధ్యాయం విశ్వాసుల మధ్య మాట గురించి రాసినా, గుమ్మం దగ్గరా పనికొస్తుంది.

రెండూ మంచివే అయినప్పుడు

జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసిన ఒక అమ్మాయికి రెండు పిలుపులు వచ్చాయనుకుందాం. ఒకటి ఇంటికి దగ్గరలోని మిషన్ ఆసుపత్రి నుంచి, తక్కువ జీతం. మరొకటి హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రి నుంచి, ఇంటి అప్పు తీర్చగల జీతం. 'దేవుని చిత్తం ఏది?' అని ఆమె అడుగుతుంది.

ఒక పక్షం ప్రకారం ప్రతి జీవితానికీ దేవుని దగ్గర ఒక నిర్దిష్ట ప్రణాళిక ఉంది, దాన్ని ప్రార్థనలో, వాక్యంలో, పరిస్థితుల్లో కనుగొనాలి. దేవుడు తన బతుకులో అంత దగ్గరగా ఉన్నాడన్న నమ్మకం దీనివల్ల కలుగుతుంది. కానీ ఒక్కసారి తప్పు ఎంచుకుంటే జీవితమంతా దారి తప్పినట్టేనన్న భయం కూడా దీనితోనే వస్తుంది. రెండో పక్షం, ఆజ్ఞలు నిషేధించని ప్రతిచోటా దేవుడు మనకు స్వేచ్ఛ, జ్ఞానం ఇచ్చాడని, రెండిట్లో ఏది ఎంచుకున్నా అది దేవుని చిత్తం లోపలే ఉంటుందని అంటుంది. ఇది భయాన్ని తీస్తుంది, కానీ కొందరికి ఇది దేవుణ్ణి సలహా అడగని నిర్ణయంలా అనిపిస్తుంది.

మూడో మార్గం కథోలిక సంప్రదాయంలో ఇగ్నేషియస్ లొయోలా నుంచి వచ్చింది. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఆయన ఒక విషయం గమనించాడు: రాజాస్థానంలో పొందబోయే కీర్తి గురించి ఊహించుకున్నంతసేపు ఆనందమే గానీ తరువాత మనసు ఎండిపోయేది, పరిశుద్ధుల్లా బతకడం గురించి ఊహించుకుంటే ఆ ఆనందం తరువాత కూడా నిలిచేది. ఆ గమనింపు నుంచి పుట్టిన ఆత్మీయ సాధనల నియమాలను 1548లో పోపు ఆమోదించారు. వాటిలో అందరికీ పనికొచ్చే నియమం ఒకటి, మనసు కుంగి ఉన్న రోజుల్లో, ప్రశాంతంగా ఉన్నప్పుడు చేసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దన్నది. రాత్రి డ్యూటీలు వరుసగా చేసి అలసిన వారంలో రాజీనామా రాయబోయే ఏ నర్సుకైనా ఇది ఉపయోగమే, ఆమె ఏ సంఘస్థురాలైనా.

మనం వాడే గుర్తులను కూడా ఒకసారి తూచి చూడాలి. 'ద్వారం తెరుచుకుంది' అన్నది చాలా బలంగా వాడే మాట. 2 కొరింథీయులకు 2:12-13లో త్రోయలో పౌలుకు ద్వారం తీయబడింది, అయినా తీతు కనబడక మనసుకు నెమ్మది లేక ఆయన అక్కడి నుంచి వెళ్లిపోయాడు. దేవుని ఆజ్ఞ నుంచి పారిపోతున్న యోనాకు కూడా యొప్పేలో ఓడ సిద్ధంగా దొరికింది, టికెట్టు డబ్బు కూడా చేతిలో ఉంది. 'మనసుకు సమాధానం కలిగింది' అన్నది మరో గుర్తు, కానీ గెత్సేమనేలో యేసుకు కలిగింది వేదన. గిద్యోను దేవుణ్ణి గుర్తు అడిగి నేల మీద పెట్టిన గొఱ్ఱెబొచ్చును చూపించేవారు, అప్పటికే అతనికి ఆజ్ఞ అంది ఉందని, రెండు దారుల మధ్య ఎంచుకోవడానికి అతను దాన్ని వాడలేదని గమనించాలి. చీట్లు వేసి తేల్చుకునేవారు అపొస్తలుల కార్యములు 1ని చూపిస్తారు. అక్కడ యూదా స్థానంలో అపొస్తలుణ్ణి ఎంచుకోవడానికి చీట్లు వేసే ముందే అర్హతలు పెట్టి ఇద్దరినే మిగిల్చారు.

దారి చూపే ఉదాహరణ బహుశా అపొస్తలుల కార్యములు 16. వచ్చి సహాయం చేయమని పిలిచిన మాసిదోనియ మనిషి దర్శనం పౌలు ఒక్కడికే వచ్చింది, కానీ తరువాతి వచనంలో నిర్ధారించుకున్నది 'మేము'. ఆ అమ్మాయి విషయంలో కూడా ఇంటి అప్పు తెలిసిన నాన్న, ఆమె ఓపిక తెలిసిన నర్సింగ్ టీచరు, ఆమెను చిన్నప్పటి నుంచి చూసిన సంఘపు పెద్దమ్మ ఆ 'మేము'లో ఉండాలి. రెండేళ్లు హైదరాబాద్‌లో పనిచేసి అప్పు తీర్చి తిరిగి రావడం అన్న మూడో దారి కూడా అక్కడే, నలుగురు కూర్చున్నప్పుడే బయటపడవచ్చు.

వివేచన పేరుతో వేలు చూపించినప్పుడు

ఈ అంశంలో చివరి చిక్కు అన్నిటికన్నా కఠినమైనది. జబ్బు తగ్గని ఇంట్లో, పశువు చచ్చిన ఇంట్లో 'ఎవరో చిల్లంగి (చేతబడి) పెట్టారు' అన్న మాట మన కొండల అంచున ఇంకా తేలిగ్గా పుడుతుంది. ఆ భయం క్రైస్తవుడైనంత మాత్రాన పోదు. ఆత్మల వివేచన వరం తనకుందని చెప్పే ఎవరో వచ్చి 'ఈ ఇంటికి తూర్పున ఉన్న ఒక విధవరాలి వల్ల' అన్నాడంటే, అది వివేచన పేరుతో చేసిన పాత ఆరోపణే.

లేఖనం రోగాలన్నిటినీ దయ్యాల ఖాతాలో వేయదు. మత్తయి 4:24 దయ్యముపట్టినవారిని, చాంద్రరోగులను (మూర్ఛరోగులను), పక్షవాయువు గలవారిని వేరువేరుగా చెబుతుంది. మూర్ఛ వచ్చిన పిల్లను, ప్రసవం తరువాత మానసికంగా కుంగిపోయిన తల్లిని ఉపవాస గదిలో కూర్చోబెట్టి కొట్టడం ఆ వచనం దగ్గరే ఆగిపోవాలి. దయ్యాలున్నాయని, యేసు నామంలో వాటిని వెళ్లగొట్టవచ్చని నమ్మే సంఘాలు కూడా ఈ తేడా పాటించగలవు, పాటిస్తున్నవి ఉన్నాయి కూడా: ముందు డాక్టరుకు చూపిస్తారు, ప్రార్థన కుటుంబం ఎదుటే చేస్తారు, ఒంటి మీద చెయ్యి చేసుకోరు.

యేసు దయ్యాలను వెళ్లగొట్టిన సందర్భాలు సువార్తల్లో చాలా ఉన్నాయి, వాటిలో ఒక్కచోట కూడా దాన్ని ఏ మనిషి పంపాడని ఆయన అడగలేదు, ఏ పొరుగువాడి పేరూ చెప్పలేదు. పుట్టు గుడ్డివాడి విషయంలో వీడా, వీని కన్నవారా పాపం చేసిందని శిష్యులు అడిగినప్పుడు ఇద్దరూ కాదన్నాడు. పొరుగింటి మనిషి పేరు బయటికి వచ్చిన క్షణంలోనే కూటం ఆపి, పేరు చెప్పినవాణ్ణి పెద్దల ముందుకు పిలవాల్సిన బాధ్యత సంఘానిది. ఆ ఇంటి ఆమెకు రక్షణ కల్పించడం చట్టం పని కూడా. ఒడిశాలో మంత్రగత్తెల వేటను నిరోధించే 2013 నాటి చట్టం అమల్లో ఉంది, దాని కింద ఒక స్త్రీని మంత్రగత్తె అని ముద్రవేయడం నేరం, అలా ముద్రవేసినవాడు పూజారైనా, ప్రవక్తనని చెప్పుకునేవాడైనా.